కత్తెరకు లొంగని పెళ్ళి వీడియో

2000వ సంవత్సరానికి అటూ ఇటూగా పెళ్ళిళ్ళు జరిగిన తెలుగు ఇళ్ళలో, బీరువాలో పట్టుచీరల అడుగున ఒక పల్చటి ప్లాస్టిక్ పెట్టె దొరుకుతుంది. అందులో మూడో నాలుగో సీడీలు. పైన వధూవరుల ఫోటో, మార్కర్ పెన్నుతో పార్ట్-1, పార్ట్-2 అని రాత. సీడీని కంప్యూటర్లో పెట్టి తెరిస్తే కొన్ని ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటిలో ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్లో ఏవీసెక్01 అనే పేరు, డీఏటీ అనే తోక ఉన్న పెద్ద ఫైలు ఉంటుంది. ఎవరి పెళ్ళయినా సరే, ఫైలు పేరు మాత్రం అదే. శుభలేఖ మీద పేర్లు మారతాయి కానీ ఇది మారదు.

ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కండి. సన్నాయి మొదలవుతుంది, బంధువులు కెమెరా లైటుకి కళ్ళు చికిలిస్తూ అక్షింతలు వేస్తారు. అదే ఫైలుని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లోకి లాగి వదలండి. ఈ రకం ఫైలు మాకు తెలియదంటుంది. లేదా బొమ్మ తీసుకుని మాట వదిలేస్తుంది. లేదా రెండూ తీసుకుని, పావుగంట గడిచేసరికి పెదాలు ఒక దారి, మాటలు ఒక దారి పట్టిస్తుంది.

మా బంధువుల్లో నేను 'కంప్యూటర్ వచ్చినవాడి'ని కాబట్టి ఇలాంటి పనులన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆమధ్య మా పిన్ని తన పెళ్ళి సీడీలు పట్టుకొచ్చింది. "తలంబ్రాలయ్యాక మీ తాతయ్య మైకు పట్టుకుని ఏదో మాట్లాడతారు చూడు, ఆ ముక్కొక్కటీ కోసి నా ఫోన్లో పెట్టరా" అంది. ఆ ముక్క నలభై సెకన్లు. తాతయ్య పోయి పన్నెండేళ్ళయింది. ఆయన గొంతు మరెక్కడా లేదు. నలభై సెకన్లు కోయడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. ఎందుకు పట్టిందో తెలుసుకోవాలని వెతికితే, ముప్పై ఏళ్ళ చరిత్ర ఒకటి బయటపడింది. అందులో సాంకేతికత ఎంతుందో, వీడియో ముందు కూర్చున్న మనిషి గురించి కంపెనీల ఊహలూ వాటి ఒప్పందాలూ అంతే ఉన్నాయి.

ఒకే లెక్క

విచిత్రమేమిటంటే, ఒకదాంతో ఒకటి పొసగని ఈ ఫార్మాట్లలో చాలావాటి గుండెకాయ ఒకటే. 1974 జనవరిలో ఐఇఇఇ ట్రాన్సాక్షన్స్ ఆన్ కంప్యూటర్స్ అనే పత్రికలో నాలుగు పేజీల పేపరొకటి వచ్చింది. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. రాసినవాళ్ళు ముగ్గురు: బెంగుళూరులో పుట్టి కాన్సస్‌లో పాఠాలు చెబుతున్న నసీర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి. నటరాజన్, కె. ఆర్. రావు. ఈ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివి, అమెరికా వెళ్ళి, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలపాటు ప్రొఫెసర్‌గా ఉన్నారు. 2021లో చనిపోయారు. ఈ ఆలోచన మీద పని చెయ్యడానికి 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని నిధులడిగితే, మరీ తేలికగా ఉందని తిప్పి పంపారని అహ్మద్ తర్వాతి రోజుల్లో రాసుకున్నారు.

ఆ తేలిక లెక్క చేసే పని ఇది. బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో నెమ్మదిగా మారే రంగుని ఒక పక్కకి, సన్నటి నగిషీని మరో పక్కకి వేరుచేస్తుంది. మన కన్ను సన్నటి నగిషీని అంతగా పట్టించుకోదు కాబట్టి అందులో చాలావరకు వదిలెయ్యొచ్చు. జేపెగ్ ఫోటోలు, పెళ్ళి వీసీడీ, డీవీడీ, డీవీ టేపు, పాత నోకియా ఫోన్ వీడియో, ఇవాళ్టి ఫోన్లో హెచ్.264 వీడియో అన్నీ ఈ లెక్క మీదో, దీనికి దగ్గరి చుట్టమైన లెక్క మీదో నడిచేవే. మరి లెక్క ఒకటే అయితే గొడవ ఎక్కణ్ణుంచి వచ్చింది?

డిటో గుర్తులు

1988లో లియొనార్డో కియరీలియోనె, హిరోషి యసుదా కలిసి ఎంపెగ్ అనే బృందాన్ని మొదలుపెట్టారు. మొదటి లక్ష్యం చాలా ఇరుకైనది. పాటల సీడీ తిరిగే వేగంలో, అంటే సెకనుకి సుమారు 15 లక్షల బిట్లలో, బొమ్మా మాటా రెండూ పట్టాలి. 352 చుక్కల అడ్డం, 288 చుక్కల నిలువు ఉన్న బొమ్మని సెకనుకి 25 చొప్పున కుదించకుండా దాచాలంటే సెకనుకి 3 కోట్ల బిట్లు కావాలి. 1993లో వచ్చిన వీసీడీ ప్రమాణం బొమ్మకి ఇచ్చింది 11 లక్షల 50 వేలు. అంటే ఇరవయ్యారో వంతు.

ఒక్కో బొమ్మని విడిగా ఎంత కుదించినా ఇంత ఆదా రాదు. అందుకని ఎంపెగ్ ఇంకో ఉపాయం వాడింది. పాత కిరాణా కొట్టు పద్దు పుస్తకం గుర్తుందా? మొదటి వరసలో పేరు పూర్తిగా రాసి, కింద వరసల్లో డిటో గుర్తులు పెట్టుకుంటూ పోయేవారు. ఎంపెగ్‌ది అదే పద్ధతి. ఒక బొమ్మని పూర్తిగా రాస్తుంది. తర్వాతిదానికి "ఇందాకటిదే, పెళ్ళికొడుకు చెయ్యి మాత్రం కాస్త లేచింది" అని రాస్తుంది. కొన్ని బొమ్మలకయితే వెనకటిదీ, ముందు రాబోయేదీ రెండూ చూడమంటుంది. మళ్ళీ ఓ పది పదిహేను బొమ్మల తర్వాత ఒక పూర్తి బొమ్మ.

మొదటి నుంచి చదువుకుంటూ పోయేవాడికి డిటోలతో ఇబ్బంది లేదు. కానీ పేజీని మధ్యకి చింపితే? కింది ముక్కలో అన్నీ డిటోలే, ఎవరి పేరుకి డిటోనో తెలియదు. కోయాలంటే పద్దంతా విప్పి, కోసి, మళ్ళీ మొదటి వరసలో పేరు రాసి, కొత్త పద్దు కట్టాలి. ప్లేయర్‌కి చదవడం వస్తే చాలు. ఎడిటర్‌కి వెనక్కీ ముందుకీ గెంతడం రావాలి, తిరిగి రాయడం కూడా రావాలి. ఆడే ఫైలు తెగకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం సీడీలోనే ఉంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2,048 బైట్ల సరుకు ఉంటే, మిగతా చోటులో ఎక్కువ భాగం గీతలు పడ్డప్పుడు తప్పులు దిద్దుకోవడానికి వదిలేస్తారు. వీసీడీలో ఆ చోటు కూడా బొమ్మకే ఇచ్చేసి 2,324 బైట్లు నింపారు. సీడీ ఆడుతున్నప్పుడు ఒక గీత వస్తే తెర మీద ఓ క్షణం గళ్ళు కనిపించి పోతాయి, అంతేగా అనుకున్నారు. చూసేవాడి విషయంలో అది నిజమే. కాపీ చేసుకునేవాడికి మాత్రం ఆ గీత దగ్గరే కంప్యూటర్ ఆగిపోతుంది. పైగా ఆ డీఏటీ ఫైల్లో బొమ్మతోపాటు సెక్టారు సెక్టారుకీ సీడీ తాలూకు గుర్తులు కూడా అంటుకుని ఉంటాయి. ప్లేయర్లు వాటిని దాటేసి పోవడం నేర్చుకున్నాయి. ఎడిటర్లలో చాలావాటికి ఆ అవసరం వస్తుందని ఎవరికీ తోచలేదు. తోకని ఎంపీజీ అని మార్చి చూడమని స్నేహితులు చెప్పేవారు. తోక మారితే లోపలి గుర్తులు పోవు కదా.

హార్లిక్స్ సీసాలో కందిపప్పు

ఎంపెగ్ వాళ్ళు బొమ్మని ఎలా రాయాలో తేల్చేలోపే, రాసినదాన్ని కంప్యూటర్లో ఏ డబ్బాలో పెట్టాలన్నదాని మీద కంపెనీలు విడిపోయాయి. ఆపిల్ 1991 డిసెంబరులో క్విక్‌టైమ్ తెచ్చింది. మరుసటి ఏడు నవంబరులో మైక్రోసాఫ్ట్ తన వీడియో ఫర్ విండోస్‌తో ఏవీఐ తెచ్చింది. ఈ రెండూ డబ్బాలే. లోపల సరుకు ఏదైనా ఉండొచ్చు. సరుకుని కుదించి, విప్పే పద్ధతికి కోడెక్ అని పేరు. సినీపాక్, ఇండియో, తర్వాత డివ్‌ఎక్స్, ఎక్స్‌విడ్, ఇలా ఎన్నో.

మన వంటింట్లో హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటుందని ఇంట్లోవాళ్ళకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియదు. ఏవీఐ పరిస్థితి అదే. లోపలున్నది ఏమిటో చెప్పడానికి డబ్బా మీద నాలుగక్షరాల చీటీ ఒకటుంటుంది. ఆ చీటీకి సరిపడే కోడెక్ మీ కంప్యూటర్లో ఉంటే బొమ్మ వస్తుంది, లేకపోతే నల్లటి తెర. "నాకు ఏవీఐ ఆడుతుంది, ఈ ఏవీఐ ఎందుకాడట్లేదు" అని అడగని నెట్ సెంటర్ ఓనర్ ఆ రోజుల్లో ఉండి ఉండడు.

డివ్‌ఎక్స్ కథ ఈ కాలానికి అద్దం. మైక్రోసాఫ్ట్ తన ఎంపెగ్-4 కోడెక్‌ని ముందు ఏవీఐలో వాడనిచ్చి, తర్వాత తన సొంత ఏఎస్ఎఫ్ డబ్బాకే కట్టేసింది. జెరోమ్ రోతా అనే ఫ్రెంచి కుర్రాడు ఆ కట్టు తెంపి, అదే కోడెక్‌ని ఏవీఐలో నడిచేలా మార్చాడు. డివ్‌ఎక్స్ అలా పుట్టింది. ఒక్క సీడీలో సినిమా మొత్తం పట్టింది. కానీ ఏవీఐ డబ్బా చేసినప్పుడు 'ముందు రాబోయే బొమ్మని చూడు' అనే రకం డిటోలకి అందులో ఏర్పాటు లేదు. కొత్త కోడెక్‌లు వాటిని ఏదో కిటుకుతో ఇరికించాయి. ప్లేయర్లు సర్దుకున్నాయి, ఎడిటర్లు తడబడ్డాయి. ఆ రోజుల్లో ఇంట్లో వీడియో కోసుకునేవాళ్ళకి పెద్ద దిక్కు ఏవరీ లీ ఒంటిచేత్తో రాసి ఉచితంగా ఇచ్చిన వర్చువల్‌డబ్. అది ఏఎస్ఎఫ్ ఫైళ్ళని కూడా తెరిచేది. 2000లో మైక్రోసాఫ్ట్ పేటెంటు మాటెత్తడంతో ఆయన ఆ సౌకర్యాన్ని తీసేశాడు. చేతకాక కాదు, చెయ్యొద్దన్నారు కాబట్టి ఫైలు తెరుచుకోకపోవడం అంటే ఇదీ.

ఒక్కసారి మాత్రం

ఈ చరిత్రంతటిలో ఇంట్లో కోసుకునే మనిషిని లెక్కలోకి తీసుకున్న ఫార్మాట్ నాకు ఒక్కటే కనిపించింది. 1995లో వచ్చిన డీవీ. అందులో డిటోలు లేవు. ప్రతి బొమ్మా తనంతట తాను పూర్తి. ఎక్కడ కోసినా తెగుతుంది. కెమెరా నుంచి ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్లోకి ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది. 1999లో ఐమూవీ, 2000లో విండోస్ మూవీ మేకర్ పుట్టాయి. ఐమూవీ అయితే పూర్తిగా డీవీ మీద ఆధారపడే మొదలైంది. (ఇందులోనూ చిక్కు లేకపోలేదు. డీవీని ఏవీఐ డబ్బాలో పెట్టడానికి టైప్-1, టైప్-2 అని రెండు పద్ధతులు వచ్చాయి. మొదటి రకాన్ని వర్చువల్‌డబ్ తెరవలేకపోయేది.)

దానికి ధర చోటు. గంట వీడియోకి 13 జీబీ. ఆనాటి మధ్యతరగతి ఇంటి కంప్యూటర్లో 20 జీబీ హార్డ్ డిస్క్ ఉంటే గొప్ప. ఫైర్‌వైర్ ఉన్న ఇల్లు నేను చూడలేదు. నాకు తెలిసిన పెళ్ళి వీడియోగ్రాఫర్లు మినీ డీవీ టేపుల మీద తీసి, స్టూడియోలో మిక్సింగ్ చేసి, సినిమా పాటలు కలిపి, గుండె ఆకారంలో వధూవరుల మొహాలు తిప్పి, వీసీడీలు చేసి ఇచ్చేవారు. టేపులు మళ్ళీ తర్వాతి ముహూర్తానికి. అంటే కోయగలిగిన పెళ్ళి స్టూడియోలోనే చెరిగిపోయింది. చూడగలిగిన పెళ్ళి ఇంటికొచ్చింది. ఎవరిదీ తప్పు కాదు. టేపు ఖరీదు అది, అడగాలని పెళ్ళివారికీ తెలియదు.

బొమ్మ వచ్చింది, మాట రాలేదు

తర్వాత కెమెరా ఫోన్లొచ్చాయి. 3జీపీ అనే తోకతో, అగ్గిపెట్టె మీద బొమ్మంత వీడియోలు: 176 చుక్కల అడ్డం, 144 నిలువు. బొమ్మకి హెచ్.263 అనే కోడెక్, మాటకి ఏఎంఆర్. ఈ ఏఎంఆర్ ఫోన్ సంభాషణ కోసం చేసిన కోడెక్. సెకనుకి 8,000 నమూనాలు మాత్రమే తీస్తుంది, మనిషి మాట అర్థమైతే చాలన్నట్టు ఉంటుంది. అందుకే ఆ ఫోన్లలో తీసిన అమ్మమ్మల పాటలు బావిలోంచి వినిపిస్తున్నట్టుంటాయి. ఎక్స్‌పీలో ఉన్న మూవీ మేకర్‌కి ఈ కుటుంబమే తెలియదు. వేరే ఎడిటర్లలో బొమ్మ మాత్రం వచ్చేది. మాట కోసం ఇంకో కన్వర్టర్, దాని తర్వాత ఇంకోటి. ట్రయల్ వెర్షన్ కన్వర్టర్ తన పేరుని పెళ్ళికూతురి నుదుటి మీద అడ్డంగా అచ్చేసి ఇచ్చిన వీడియోలు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. బాసికం మీద కంపెనీ పేరు!

2003లో హెచ్.264 ప్రమాణం వచ్చింది. క్విక్‌టైమ్ డబ్బా ఆధారంగానే తయారైన ఎంపీ4 డబ్బా కూడా అదే సమయానికి స్థిరపడింది. 2009లో విండోస్ 7 వీటిని తనంతట తాను తెరవడం మొదలుపెట్టాక కొన్నేళ్ళు శాంతి. మీలో చాలామందికి ఫార్మాట్ గొడవ గుర్తు లేకపోతే మీరు ఆ శాంతికాలంలో ఫోన్ పట్టుకున్నవాళ్ళన్నమాట.

2017లో ఐఓఎస్ 11తో కొత్త ఐఫోన్లు హెచ్ఈవీసీలో వీడియో తీయడం మొదలుపెట్టాయి. సగం చోటులో అదే నాణ్యత. కానీ ఆ కోడెక్ పేటెంట్ల కోసం మూడు వేర్వేరు లైసెన్సు బృందాలు తయారయ్యాయి, ఏ బృందంలోనూ చేరని కంపెనీలు మరికొన్ని. విండోస్ 10లో దాన్ని తెరవడానికి కావలసిన చిన్న ముక్కని మైక్రోసాఫ్ట్ 99 సెంట్లకి అమ్మింది. మీ కూతురి మొదటి అడుగులు మీరే తీశారు, మీ ఫోన్లోనే ఉన్నాయి, మీ కంప్యూటర్లో చూడ్డానికి 99 సెంట్లు. డబ్బు చిన్నదే. అందులో ఉన్న అర్థం చిన్నది కాదు.

ఇంకో చిక్కు కూడా ఫోన్లతోనే పెరిగింది. వెలుతురు తగ్గితే ఫోను సెకనుకి తీసే బొమ్మల సంఖ్య తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. పాత ఎడిటర్లు ఆ సంఖ్య మొదటి నుంచి చివరిదాకా ఒకటేనని నమ్ముతాయి. దీపాల వెలుగులో తీసిన సంగీత్ వీడియోలో పాట ముందూ, అడుగులు వెనకా పడడానికి డాన్సర్లు కారణం కాకపోవచ్చు.

తాళాలు తీసినవాళ్ళు

తలుపులు మూసుకుపోవడమూ అంతే నిశ్శబ్దంగా జరిగింది. విండోస్ 8 నుంచి డీవీడీ ఆడించే సౌకర్యం పోయింది. 2016లో విండోస్ కోసం క్విక్‌టైమ్‌ని ఆపిల్ ఆపేసింది. 2019లో మ్యాక్ కాటలీనా 32-బిట్ ప్రోగ్రాములని తీసేసినప్పుడు సినీపాక్, సోరెన్‌సన్ లాంటి పాత కోడెక్‌లు వాటితోపాటే వెళ్ళిపోయాయి. ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. చదివేవాడే లేడు. ఇంట్లో మోడీ లిపి దస్తావేజు ఉండి, ఊళ్ళో చదివేవాళ్ళు లేకపోవడం లాంటిది.

అయినా ఇవాళ నేను ఏవీసెక్01ని తెరవగలుగుతున్నానంటే దానికి కారణం రెండు గుంపులు. 1996లో పారిస్‌లోని ఎకోల్ సాంత్రాల్ విద్యార్థులు క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియో పంపడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు 2001లో ఉచిత సాఫ్ట్‌వేర్‌గా బయటికొచ్చింది. అదే వీఎల్‌సీ. 2000లో ఫాబ్రీస్ బెలార్ మారుపేరుతో ఎఫెఫ్ఎంపెగ్ మొదలుపెట్టాడు. ఆ రెండు ఎఫ్‌లకి అర్థం ఫాస్ట్ ఫార్వర్డ్. కంపెనీలు పత్రాలు ఇవ్వని కోడెక్‌లని కూడా ఫైళ్ళు విప్పి చూసి, వెనక నుంచి ముందుకి అర్థం చేసుకుని రాశారు. మనం వాడే ఉచిత కన్వర్టర్లలో చాలావాటి లోపల నడిచేది ఇదే. వీళ్ళు చేసింది ఒకరకంగా లిపి పరిష్కరణ.

మా పిన్ని సీడీ విషయంలోనూ ఇదే దారి. ముందు సీడీ మొత్తాన్ని ఉన్నదున్నట్టు దించాను. గీత పడ్డచోట రెండు సీడీ డ్రైవులు మార్చి చూడాల్సొచ్చింది. తర్వాత సరుకు కదపకుండా డబ్బా మాత్రం మార్చాను. అంటే అంటుకున్న గుర్తులు విదిలించి, అదే బొమ్మని మామూలు ఎంపెగ్ ఫైలుగా రాయడం. ఈ మెట్టులో నాణ్యత రవ్వంత కూడా పోదు. ఆ తర్వాతే కోయడానికి ఇంకో కాపీ. ఈ వరస ముఖ్యం. నేరుగా ఏదో ఒక కన్వర్టర్లో పడేస్తే కుదించిందాన్నే మళ్ళీ కుదిస్తుంది. ఇప్పటికే ఇరవయ్యారో వంతుకి చిక్కిన మొహాలవి. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారాక కళ్ళూ ముక్కూ పోయి రంగు మరకలు మిగిలేది అందుకే.

పేటెంటుకి ఆయుష్షు సుమారు ఇరవై ఏళ్ళు. ఎంపెగ్-2 తాలూకు చివరి పేటెంటు అమెరికాలో 2018లో ముగిసింది. పెళ్ళి సీడీలో ఉన్న ఎంపెగ్-1 ఇంకా పాతది. ఇప్పుడు ఆ లెక్క అందరిదీ. ఎవరి అనుమతీ అక్కర్లేదు, సాధనాలన్నీ ఉచితం. కానీ ఆ లెక్క నిలబడ్డ వస్తువు వేరు. రాసుకునే సీడీలో సమాచారం ఉండేది పల్చటి రంగు పొరలో. దాని మీద మెరిసే పొర, ఆ పైన కాస్త లక్క, అంతే. సీడీకి కింది వైపు జాగ్రత్తగా పట్టుకుంటాం కానీ నిజానికి సున్నితమైనది మనం పేర్లు రాసే పై వైపే. పాతికేళ్ళ తర్వాత ఆ చవక సీడీ చదవడానికి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది చదివే డ్రైవు కొత్త ల్యాప్‌టాపుల్లో లేనే లేదు.

ఇరవై ఏళ్ళపాటు తాళం మనది కాదు. ఇప్పుడు తాళం తీసి ఉంది, లోపలి కాగితాలకి చెద పడుతోంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు బీరువా అడుగున ఉన్న ఆ పెట్టె అడిగి తెచ్చుకోండి. వచ్చే సంక్రాంతికి చూద్దాంలే అనుకోకండి.